కట్ట లోపల నూటయాభై మంది

చైత్ర బహుళ తదియ

ఈ ఉదయం పోటు వేళకు కట్ట బయట నీరు నా భుజం ఎత్తున నిలబడింది. కట్ట లోపల నా కాళ్లు పొడిగానే ఉన్నాయి. మూడు పంపులూ నడుస్తున్నాయి. రెండోది మూలుగుతోంది, గ్రీజు పెట్టాను.

పంపు ఆపరేటరు రోజూ తన చేతి పలక మీద నాలుగు మాటలు రాసి పైవాళ్లకు పంపాలని నియమం. నీటి మట్టం మీటరే కొలుచుకుంటుంది. కరెంటు వాడకం మీటరే పైకి పంపుకుంటుంది. మనిషి రాసేది ఎవరు చదువుతారో నాకు తెలియదు. నాకు ముందు మా నాన్న ఈ పని చేశాడు. చేసినన్నాళ్లూ "అంతా బాగుంది" అని ఒకే మాట రాశాడట. నాకు అలా రాయడం చేతకావడం లేదు.

పొద్దున్నే కట్ట మీద ఊరు చుట్టి రావడం నా మొదటి పని. తూర్పున సముద్రం. మా నాయనమ్మ చిన్నప్పుడు అటు పక్క ఇసక ఉండేదట, పడవలు లాగి బోర్లించేవారట. ఇప్పుడు అల నేరుగా కట్ట రాళ్లను కొడుతుంది. దక్షిణాన గెడ్డవాగు వచ్చి సముద్రంలో కలిసే మొగ. ఆ మొగ వల్లే మాది మొగపాలెం అయింది. ఉత్తరాన తంపర, అంటే ఉప్పునీటి బురదనేల, అందులో ఎండిన మొగలిపొదలు. పడమట ఒకప్పుడు వరి మళ్లూ తారురోడ్డూ ఉండేవి. ఇప్పుడు అదంతా నీరే. కరెంటు స్తంభాల తలలు మాత్రం వరసగా పైకి కనిపిస్తాయి. వాటి వెంటే పడవ వేసుకుని మెట్టకు వెళ్తాం. మెట్ట అంటే కొండల కింద మిగిలిన పొడినేల. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటాక చేరతాం.

ఈ నీళ్లన్నిటి నడుమ, సముద్రం కంటే పల్లంలో, మూడు వీధులు, ఒక ఇసకదిబ్బ, ఒక మంచినీటి బావి, వలల షెడ్డు, ఈ పంపుల ఇల్లు. మొన్న పున్నమి లెక్కకు నూటయాభై ఇద్దరం.

లెక్క పెట్టేది గద్ద. ఇనప గద్ద. పున్నమి పున్నమికీ పొద్దున్నే వచ్చి, ఊరి మీద చుట్లు తిరిగి, ఒక్కొక్కరి ఒంటి వేడినీ నడకనూ గుర్తుపట్టి లెక్కేసుకుని పోతుంది. అరువు మనుషులను తెచ్చి నిలబెడితే పసిగట్టేస్తుంది. ఆ పూట అందరూ వీధిలోకి వస్తారు. లేవలేని వాళ్లను మంచాలతో బయట పెడతారు. మొన్న మా పక్కింటి రత్తాలు మూణ్ణెల్ల కొడుకును రెండు చేతులా ఆకాశంలోకి ఎత్తి, "ఈణ్ణీ రాసుకో!" అని అరిచింది. వీధంతా నవ్వింది.

చైత్ర బహుళ అష్టమి

సన్నాసి తాత పోయాడు. ఇసకదిబ్బ మీద పూడ్చాం. తవ్వుతుంటే నడుము లోతులోనే నీరు ఊరింది. బకెట్లతో తోడి, తోడి, దించాం.

ఆడవాళ్ల ఏడుపు ఇంకా ఆగకముందే వెనక ఎవరో "ఒకటి తగ్గిపోనాది" అన్నారు. ఇదేం మాట అని ఎవరూ కసరలేదు. అందరి మనసులోనూ అదే ఉంది.

పున్నమి లెక్కలో నూటయాభైకి తగ్గితే ఊరికి కరెంటు ఆపేస్తారు. అంతకంటే తక్కువ మందిని కాపాడటానికి ఇంత కరెంటు దండగ అని పైవాళ్ల తీర్మానం. కరెంటు లేకపోతే పంపులు లేవు. పంపులు లేకపోతే రెండు పోట్లలో ఊరు నిండిపోతుంది. పోయిన ఏడు తంపర అవతల కొత్తకొయ్యాం ఊరికి లెక్క తగ్గింది. జనాన్ని మెట్టకు తీసుకెళ్లి మూడు శిబిరాలకు పంచారు. పనిచేసే వాళ్లను గట్టు పనులకు, ముసలివాళ్లనూ అవిటివాళ్లనూ ఇంకోచోటికి, చంటిపిల్లల తల్లులను మరోచోటికి. ఆ ఊళ్లో ఒక్క ఇల్లు కూడా ఇల్లుగా మిగల్లేదు.

నాతో ఉండేది నా తమ్ముడు ఎర్రయ్య, వాడి పెళ్లాం అసిరి. అసిరికి ఎనిమిదో నెల. ఇప్పుడు ఊళ్లో ఎవరి వలలో మంచి చేప పడ్డా ముందు మా గుమ్మంలోకే వస్తోంది. ఈ సాయంత్రం ఊరిపెద్ద గురుమూర్తి మావ స్వయంగా ఒక పండుగప్పను తెచ్చి ఇచ్చాడు.

"నీ కడుపులో ఊరున్నాది అసిరీ. జాగర్త" అన్నాడు.

"ఊరు తెగ తన్నుతున్నాది మావా" అని అది నవ్వింది. దాని పాదాలు కొంచెం ఉబ్బి ఉండటం అప్పుడే చూశాను. ఎనిమిదో నెలలో ఉబ్బుతాయిలే అనుకున్నాను.

చైత్ర అమావాస్య

దూడ రాము కనిపించడం లేదు. ఇరవై రెండేళ్లవాడు. గెడ్డ ఈది పోయాడని, మెట్టలో ఏదో పని దొరికిందని వాళ్లమ్మకు చెప్పి మరీ పోయాడని తేలింది. నూటయాభై.

వలల షెడ్డులో ఊరంతా కూడారు. రాము తల్లి వైపు ఎవరూ చూడలేదు. ఆవిడ తలుపు పక్కన చీర కొంగు కప్పుకుని కూర్చుంది.

గురుమూర్తి మావ అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడాడు. "నాను ఏడేల్ల గుంటణ్ణప్పుడు మా ఊరు మునిగిపోనాది. మా అమ్మని ఒక లారీ ఎక్కించినారు, మా అయ్యని ఒక లారీ ఎక్కించినారు. నన్ను దేన్లో ఎయ్యాలో ఆలకి తెల్డంనేదు. రోడ్డు మీద నిలబెట్టి ఎలిపోనారు. మల్లీ ఆలిద్దర్నీ నాను సూడనేదు." షెడ్డులో కూర్చున్న పిల్లల వైపు చూశాడు. "నా పేనముండగా ఈ ఊరి గుంటల్ని అలగ రోడ్డు మీద నిలబెట్టనివ్వను."

ఆ మాట తర్వాత ఎవరు ఏం కాదంటారు? పడవల బ్యాటరీలన్నీ ఊడదీసి పంపుల ఇంట్లో పెట్టాలన్నారు. వేటకు వెళ్లే రోజు పొద్దున ఇచ్చి సాయంత్రం తిరిగి తీసుకోవాలి. కట్టకు ఉన్నది ఒకటే తలుపు, పడమటి తలుపు. అక్కడ వంతులేసుకుని కాపలా ఉండాలి.

"పంపులింటి తాళం నీకాడుండనీ ముత్యాలూ" అన్నాడు మావ. "నువ్వు మీ అయ్య కూతురివి."

తీసుకున్నాను. నడుముకు కట్టుకున్నాను. సముద్రాన్ని బయట ఆపడానికి కట్టిన కట్ట ఇది. ఇవాళ్టి నుంచి మమ్మల్ని లోపల ఆపుతోంది. అలా అని అప్పుడు నాకు తోచలేదు. మావ అన్నది నిజమే అనిపించింది. ఇప్పుడు కూడా అది అబద్ధమని అనలేను.

వైశాఖ శుద్ధ ఏకాదశి

తెల్లారి లేచిన దగ్గరనుంచీ అసిరికి తలనొప్పి. అన్నం ముందు కూర్చుని "వొదినా, రెండు కంచాలు కనపడతన్నాయి" అంది. మొహం కూడా ఉబ్బింది. ఉంగరం వేలికి పట్టేసింది. సబ్బు రాసి తీశాను.

ఆరోగ్య కేంద్రం అని పేరే గానీ అక్కడ మనుషులెవరూ లేరు. ఒక వైద్యపెట్టె ఉంది. అందులో చేయి పెట్టిస్తే అదే చూసి చెబుతుంది. పెట్టె రెండుసార్లు కొలుచుకుని, మెట్ట వాళ్ల భాషలో చదివింది: "రక్తపోటు ప్రమాద స్థాయిలో ఉంది. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తరలించండి."

ఆసుపత్రి గడప దాటిందంటే మనిషి పేరు మెట్ట లెక్కలోకి పోతుంది. మళ్లీ పున్నమి దాకా తిరిగి రాదు. మాకు పున్నమి నాలుగు రోజుల్లో ఉంది.

నేను పెట్టె దగ్గర నుంచి నేరుగా మావ ఇంటికి వెళ్లాను. ఆయన అంతా విన్నాడు. విని, మా ఇంటికి వచ్చి, అసిరి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాలుగు రోజులు ఓర్సుకోగలవా అమ్మా? లెక్క అయిన గడియలో నానే పడవెక్కించి తీసుకెల్తాను. మా దాలమ్మత్త నీ పక్కనే ఉంటాది."

దాలమ్మ మామ్మ మా ఊరి మంత్రసాని. ఎనభై దాటాయి. ఆవిడ అసిరి పాదం నొక్కి, గుంట పడటం చూసి, "నాకిది నచ్చనేదు" అని మాత్రం అంది.

"అప్పా, ఏటి సేద్దుం?" అన్నాడు ఎర్రయ్య నావైపు చూసి. వాడు నాకంటే పదేళ్లు చిన్న. అమ్మ పోయాక ప్రతిదానికీ నన్నే అడగడం అలవాటు.

నేను నోరు తెరిచేలోపు అసిరే చెప్పింది. "నాలుగు రోజులే గదా వొదినా. ఉంటాను. నా మూలాన ఊరు పోయిందంటే నాను బతికి ఏ మొకం సూపించుకోను?"

మావ కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. తాళం నా నడుముకే ఉంది. నేను తీయలేదు.

వైశాఖ పున్నమి, మెట్ట ఆసుపత్రి వరండా

నిన్న రాయలేదు. నిన్నటిదీ ఇవాళే రాస్తున్నాను.

నిన్న పొద్దున నేను కట్ట చుట్టి వచ్చేసరికి అసిరి మంచం ఊగుతోంది. పళ్లు కరుచుకుపోయాయి, కళ్లు పైకి తేలిపోయాయి, చేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. దాలమ్మ మామ్మ దాన్ని ఓ పక్కకి తిప్పి పట్టుకుని, "బేగి! పడవ!" అని ఒక్క కేక పెట్టింది.

తాళం తీశాను. బ్యాటరీ భుజాన వేసుకున్నాను. వలల షెడ్డులో ఉన్న ఇద్దరు మంచం పట్టుకోమంటే వెనక్కి జరిగారు. రాము తల్లి వచ్చి ఒక పక్క పట్టింది. పడమటి తలుపు దగ్గరకు చేరేసరికి మాకంటే ముందే ఊరు అక్కడ ఉంది.

తలుపు కాపలా నిన్న ఎర్రయ్యది. వాడు తలుపు తెరిచే చక్రం పక్కన నిలబడి, మంచం మీద పెళ్లాన్ని చూసి, కదలకుండా అయిపోయాడు. పడవ తలుపు లోపలి కాలవలో ఉంది. దాని ముందు పలక మీద రత్తాలు కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"దిగు రత్తాలూ" అన్నాను.

"దిగను అప్పా. రేపు పొద్దున్నే లెక్క. ఒక్క రోజు ఆగు."

"రేపటికి ఇది ఉండదు."

"ఊరు పోతే నా మొగుణ్ణి ఏడకి తోలీస్తారో నీకు తెల్దా? ఆడికి కాలు నేదు. మా అత్తతో కలిపి ముసిలోల్ల కాడ పడేస్తారు. ఈ గుంటడు అయ్య మొకం మర్సిపోతాడు." అది అరవలేదు. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నీకు దండం పెడతాను అప్పా. ఒక్క రోజు."

దాని వెనక ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. అందరూ నాకు తెలిసినవాళ్లే. వాళ్ల పిల్లల బాలసారెలకు నేను పాటలు పాడాను.

దాలమ్మ మామ్మ ముందుకొచ్చింది. "మీ తెలివి తగలెయ్య! ఇది లోపల సచ్చినా నూటనలభై తొమ్మిదే, బయట బతికినా నూటనలభై తొమ్మిదే. ఏటికి కూకున్నారు దారికడ్డంగా?"

కాలవలో నీరు పడవకు తగిలి చప్పుడవుతోంది. అప్పుడు గురుమూర్తి మావ చాలా మెల్లగా అడిగాడు.

"అత్తా... బిడ్డని ఇక్కడే తీసీగలవా?"

"ఏటన్నావు?"

"బిడ్డ బతికితే... లెక్క సరిపోద్ది."

ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చిందని ఆయనకే నమ్మకం లేనట్టు చేత్తో మూతి తుడుచుకున్నాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు. జనంలో ఒక్కరు కూడా అయ్యో అనలేదు. అందరూ ఆలోచిస్తున్నారు.

రత్తాలు అసిరి కడుపు వైపు చూసింది. తన ఒళ్లో కొడుకును చూసుకుంది. లేచింది. ఎవరి మొహమూ చూడకుండా నీళ్లలోకి దిగి, మేం అసిరిని మంచంతో ఎక్కించాక, కొడుకును చంకలో ఇరికించుకుని, రెండో భుజం పడవకు ఆనించి తోసింది. అంచు పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలేశాయి. ఎర్రయ్య చక్రం తిప్పాడు. తలుపు తెరుచుకున్నాక పరిగెత్తుకొచ్చి పడవలోకి దూకాడు.

స్తంభాల వరసలో సగం దాటాక మళ్లీ ఫిట్స్ వచ్చాయి. నొప్పులూ వాటితోపాటే వచ్చాయి. చీర అడ్డం పట్టాను. దాలమ్మ మామ్మే బిడ్డను పట్టింది. ఆడపిల్ల పుట్టింది. నా అరచేయి నుంచి మోచేయి దాకా లేదు. పిల్లి కూనలా ఒకసారి ఏడ్చి మానేసింది. పెదాలు నీలం.

అసిరి కళ్లు తెరిచింది. "గుంటా?" అంది, ఆడపిల్లేనా అన్నట్టు.

"గుంటే" అన్నాను. విన్నదో లేదో. ఆ తర్వాత వచ్చిన ఫిట్స్ ఆగిపోయినప్పుడు దానితో పాటు అసిరి కూడా ఆగిపోయింది. కొండలు అప్పటికే పచ్చగా, దగ్గరగా కనిపిస్తున్నాయి.

ఎర్రయ్య చుక్కాని వదల్లేదు. ఏడవలేదు. కొంచెం దూరం పోయాక ముందుకే చూస్తూ అన్నాడు: "అప్పా. ఎనక్కి తిప్పితే సాయంత్రానికి ఊల్లో ఉంటాం. నువ్వు, నాను, మామ్మ, గుంట. నూటయాభై."

వాడిని తిట్టాలనిపించలేదు. వాడు అనకముందే నేనూ అదే లెక్క వేశాను. మామ్మ కూడా వేసే ఉంటుంది. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. కట్ట లోపల రత్తాలు మొగుడు, గురుమూర్తి మావ, నన్ను ఎత్తుకు పెంచిన చేతులు, నేను ఎత్తుకున్న పిల్లలు. నా రొమ్ముల మధ్య గుడ్డలో చుట్టిన ఈ బిడ్డ ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. రేపు పొద్దున గద్ద వచ్చేదాకా బతికితే చాలు ఊరికి. ఆ తర్వాత దీని సంగతి?

"ముందుకే పోనీ" అన్నాను.

ఆసుపత్రిలో బిడ్డను గాజుపెట్టెలో పెట్టారు. పేరు మెట్ట లెక్కలో ఎక్కింది. నర్సమ్మ అసిరి పాదాలు చూసి, "వాపు కనిపించిన రోజే తీసుకురావాల్సిందమ్మా" అంది. ఆవిడ తిట్టలేదు, ఊరికే చెప్పింది.

ఇవాళ పొద్దున ఈ వరండాలో కూర్చుని ఉన్నప్పుడు గద్ద వెళ్లే వేళయింది. అక్కడ అందరూ వీధిలోకి వచ్చి ఉంటారు. మంచాలు బయట పెట్టి ఉంటారు.

వైశాఖ బహుళ తదియ

అసిరిని మెట్టలోనే పూడ్చాం. ఇసకదిబ్బకు తీసుకొస్తే మళ్లీ నీళ్లపాలే. బిడ్డ దగ్గర ఎర్రయ్యను ఉంచి, నేనూ మామ్మా తిరిగి వచ్చాం.

పంపుల ఇంట్లో పైవాళ్ల మైకు అప్పటికే చెప్పేసిందట. నూట నలభై ఆరు. కనీస సంఖ్య లేదు. అమావాస్య నాడు కరెంటు ఆపుతారు. ఆలోపు పెద్ద పడవలు వచ్చి జనాన్ని శిబిరాలకు తీసుకెళ్తాయి.

తలుపు దగ్గర కాపలా లేదు. కడవతో ఎదురొచ్చిన ఆడవాళ్లు దారి ఇచ్చి పక్కకు తిరిగారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. పంపులు చూసుకున్నాను. రెండోది బాగా నడుస్తోంది.

సాయంత్రం గురుమూర్తి మావ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో బాగా ముసలివాడైపోయాడు.

"అసిరి..." అన్నాడు.

"పడవలోనే, మావా."

ఆయన గుమ్మం పట్టుకున్నాడు. "ఎనక్కి వొచ్చీసుంటే సరిపోయీదని దాలమ్మత్త సెప్పినాది."

"సరిపోయీది."

"మరెందుకు రానేదు?"

"గుంట నీలంగా ఉన్నాది మావా."

ఆయన తల ఊపాడు. అర్థమైందనో, ఇంకేమనో. మెట్లు దిగుతూ ఒక మెట్టు తప్పి గోడ పట్టుకున్నాడు. నేను లేచి వెళ్లి చేయి అందించలేదు. అందించి ఉండాల్సింది. అప్పుడు మాత్రం నా ఒళ్లు కదల్లేదు.

వైశాఖ బహుళ ఏకాదశి

మొన్న ఎర్రయ్య బిడ్డను తీసుకొచ్చాడు. ఆసుపత్రిలో గాజుపెట్టె వేరే వాళ్లకు కావాలన్నారట, ఊరి జనంతో పాటే దీనికీ శిబిరం కేటాయిస్తామన్నారట. పెదాలు ఎర్రబడ్డాయి. బరువు మాత్రం పెరగలేదు. వాళ్లిచ్చిన పాలపొడి కలిపి పడితే సగం కక్కేస్తోంది. రాత్రీ పగలూ సన్నగా మూలుగుతోంది. ఎర్రయ్య దాన్ని ఎత్తుకోడు. పక్కన కూర్చుని చూస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. రత్తాలు. చంకలో కొడుకు నిద్రపోతున్నాడు.

"లోనికి రావచ్చా అప్పా?"

నేను వద్దనలేదు. అది వచ్చి కొడుకును చాప మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, నా ముందు కూర్చుంది.

"మూడు రోజుల్నించీ వింటన్నాను దీని ఏడుపు. మాది పక్కిల్లే గదా. నాకు పాలు పొంగిపోతన్నాయి. గోడకటేపు కూకుని పిండి పారబోస్తన్నాను." రెండు చేతులూ చాపింది. "ఇవ్వు అప్పా."

ఇవ్వాలనిపించలేదు. పడవ ముందు పలక మీద కూర్చున్నది ఈ మనిషే. అది దిగేదాకా మేం అక్కడ నిలబడి ఉన్నాం. ఆ కాస్సేపూ లేకపోతే అసిరి బతికేదా? బతికేది కాదేమో. పోనీ ఆ ముందు నాలుగు రోజులో? ఆ నాలుగు రోజులూ తాళం ఎవరి దగ్గర ఉంది?

ఇచ్చాను. బిడ్డ ముందు వెతుక్కుంది. దొరికాక చిన్న పిడికిలి బిగించి, గుటకలు వేసింది. గుటక గుటకకూ దాని చెవులు కదిలాయి. గోడవారగా కూర్చున్న ఎర్రయ్య మోకాళ్లలో తల పెట్టుకుని మొదటిసారి ఏడ్చాడు.

వైశాఖ అమావాస్య

శిబిరాలు పంచారు. నాకూ ఎర్రయ్యకూ దక్షిణాన గట్టు పనులు. గురుమూర్తి మావ, దాలమ్మ మామ్మ, రత్తాలు మొగుడు, అత్త, ముసలివాళ్ల శిబిరానికి. రత్తాలుకు ఉత్తరాన తల్లుల శిబిరం. పంచడానికి వచ్చిన అధికారి కుర్రవాడే, మర్యాదగానే ఉన్నాడు. బిడ్డ విషయంలో నన్ను అడిగాడు. "మేనత్తగా మీరు తీసుకెళ్లొచ్చు. గట్టు శిబిరంలో పాలపొడే. లేదా పాలిచ్చే తల్లితో పంపొచ్చు. అలా అయితే పెంపకం ఆవిడ పేరు మీదే రాయాలి. తిరిగి మార్చడం ఉండదు."

ఎర్రయ్య ఎప్పటిలాగే నావైపు చూశాడు.

"నన్ను సూడకు. నీ కూతురు" అన్నాను.

వాడు పిల్ల వైపు చూసి, "రత్తాలుకే రాయండి" అన్నాడు. తానే ముందుకెళ్లి వేలిముద్ర వేశాడు.

మధ్యాహ్నం కరెంటు పోకముందే నేనే పంపులు ఒక్కొక్కటీ ఆపాను. మూడోది ఆగాక ఊళ్లో వినిపించిన నిశ్శబ్దం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. నీరు కట్ట మీద నుంచి దూకుతుందని పిల్లలు ఎదురుచూశారు. అలా ఏమీ కాలేదు. మొగవీధి పల్లంలో నేల తడిసింది. తర్వాత బావి ఉప్పెక్కి పైకి లేచింది. తర్వాత గుమ్మాల ముందు ముగ్గులు తేలిపోయాయి.

తలుపు తెరిచే ఉంది. పడవలు కాలవలోకి వచ్చాయి. ముసలివాళ్ల పడవ ముందు కదిలింది. రత్తాలు మొగుడు చంకకర్ర ఎత్తి ఊపాడు. కొడుకు వైపు చూసి ఏదో అన్నాడు, ఇంజను చప్పుడులో వినపడలేదు. గురుమూర్తి మావ ఊరివైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

రత్తాలు తల్లుల పడవలో అంచునే కూర్చుంది. ఒక తొడ మీద కొడుకు, రొమ్ము దగ్గర మా పిల్ల. నేను నీళ్లలో నిలబడి దాని కాళ్ల మీద గుడ్డ సర్దాను. మోకాళ్ల దాకా వచ్చిన నీరు వెచ్చగానే ఉంది.

"అప్పా" అంది. "ఇది పెద్దయినాక అడుగుద్ది. మా అమ్మెలగ సచ్చిపోనాదని. ఏటి సెప్పమంటావు?"

"జరిగింది సెప్పు."

"పడవకడ్డంగా నాను కూకున్నానని సెప్పాలా?"

"సెప్పు. దిగి, పడవ నువ్వే తోసినావని కూడా సెప్పు."

అది కిందికి చూసింది. పిల్ల పాలు తాగుతూనే ఉంది. పడవ కదిలింది.

నేను వెళ్లి గట్టు పడవ ఎక్కాను. స్తంభాల వరస దాకా అన్నీ కలిసే వెళ్లాయి. అక్కడ తల్లుల పడవ ఉత్తరానికి తిరిగింది, మాది దక్షిణానికి. అందరూ కూర్చోవాలని పడవవాడు అరిచాడు. ఎర్రయ్య నిలబడే చూస్తున్నాడు. వాణ్ణి కూర్చోమని నేను అనలేదు.